వెలుగు తక్కువా? నీళ్లు ఎక్కువా?

జేబు కెమెరా కొనేముందు వేసుకోవాల్సిన ఒకే ఒక్క ప్రశ్న

‘చేతిలో అంత మంచి ఫోన్ పెట్టుకుని మళ్లీ కెమెరా ఎందుకండీ?’

కెమెరా కొంటున్నామని చెబితే చాలు, పక్కింటివాళ్ల దగ్గర్నుంచి షాపులో సేల్స్ కుర్రాడి దాకా అందరూ అడిగే మాట ఇదే. అడగడంలో తప్పేమీ లేదు. పగటి వెలుతురులో, నాలుగడుగుల దూరంలో నిలబడి నవ్వుతున్న మనిషిని తీయడానికి ఫోన్‌ని మించింది లేదు. తీయడం, దిద్దడం, పంపడం... అన్నీ అందులోనే అయిపోతాయి.

అందుకే మామూలు చిన్న కెమెరాల కథ దాదాపు ముగిసిపోయింది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క ప్రకారం 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి. 2023 నాటికి ఆ సంఖ్య 80 లక్షల లోపుకి పడిపోయింది. ఒకప్పుడు పెళ్లికి, తిరుపతికి, విహారయాత్రకి మెడలో వేలాడిన ఆ పదివేల రూపాయల వెండిరంగు డబ్బా ఇప్పుడు ఏ బీరువా అరలోనో పడి ఉంటుంది.

ఫోన్ మధ్యలో ఉన్నదంతా మింగేసింది. కానీ రెండు అంచుల్ని మాత్రం మింగలేకపోయింది. ఒక అంచున చీకటి. రెండో అంచున నీళ్లు, బురద, దుమ్ము. ఈ రెండు అంచుల కోసమే రెండు రకాల జేబు కెమెరాలు బతికి ఉన్నాయి. మొదటిది ‘ప్రీమియం కాంపాక్ట్’. చిన్న ఒళ్లు, పెద్ద సెన్సర్, మంచి లెన్స్. రెండోది ‘రగ్డ్ కాంపాక్ట్’. నీళ్లలో ముంచినా, రాయి మీద పడేసినా పని చేసే మొండిఘటం. బయటికి చూస్తే రెండూ జేబులో పట్టేవే. లోపల మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు. ఒకదాని బలం రెండోదాని బలహీనత.

ఈ రెండింట్లో ఏది కొనాలన్నది మా ఇంట్లో నెల రోజుల పాటు నడిచిన చర్చ.

ఇద్దరం, రెండు అవసరాలు, ఒక్క చీటీ

నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే మాస్టారిని. మా ఆవిడ రాజేంద్రనగర్ వైపు వ్యవసాయ పరిశోధనలో పని చేస్తుంది. పంటల పురుగులు ఆమె సబ్జెక్టు. వారంలో మూడు రోజులు వికారాబాద్, సంగారెడ్డి జిల్లాల చేలల్లోనే ఉంటుంది. మా అమ్మాయికి పదమూడేళ్లు, కూచిపూడి నేర్చుకుంటోంది. వచ్చే ఏడు రంగప్రవేశం చేయించాలని వాళ్ల టీచరమ్మ ఆలోచన.

చీటీ డబ్బు 70 వేలు చేతికొచ్చింది. ఆ డబ్బుతో కెమెరా కొనాలన్నది ఇద్దరి మాటా. ఏ కెమెరా అన్న దగ్గరే తేడా వచ్చింది.

నాకు స్టేజీ మీద డ్యాన్సు తీయాలి. హాల్లో చీకటి, స్టేజీ మీద ఎర్రటి నీలపు లైట్లు, మేం కూర్చునేది పదో వరసలో. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు కదుపుతూ తిరిగే అమ్మాయిని ఫోన్‌లో తీస్తే మొహం మైనపు ముద్దలా, చేతులు పొగలా వస్తాయి. అంటే నాది చీకటి సమస్య.

ఆమెది పూర్తిగా వేరే సమస్య. ‘మొక్కజొన్న మొవ్వులో పురుగుంది, ఫోటో పంపుతున్నా’ అని రైతు అంటాడు. తీరా ఫోటో చూస్తే ఆకుపచ్చ మసక మధ్య గోధుమరంగు మసక. అది కత్తెర పురుగా, ఇంకోటా అని ఎలా చెప్పాలి? 2018లో మొదట కర్ణాటకలో కనిపించి, అదే ఏడాది మన మొక్కజొన్నలోకీ దిగిన పురుగు అది. గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లు చూస్తారు. తల మీద తిరగేసిన ఇంగ్లిష్ ‘వై’ అక్షరం, తోక వైపు ఎనిమిదో కణుపు మీద చతురస్రంలా నాలుగు నల్లచుక్కలు. ఈ రెండూ ఫోటోలో స్పష్టంగా కనిపిస్తే మాట ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కనిపించకపోతే మనిషి వెళ్లి చూడాలి. వానలో ఆ వెళ్లడం రెండు రోజులు ఆలస్యమైతే, పురుగు మొవ్వు లోపలికి దిగాక మందు కొట్టినా అందదు. ఆ రెండు రోజుల ఖరీదు రైతు కడతాడు.

‘మీ ఫోటో బాగా రాకపోతే ఆల్బమ్‌లో ఒక పేజీ తగ్గుతుంది. నా ఫోటో బాగా రాకపోతే ఒకాయన అనవసరంగా మందు కొంటాడు, లేదా కొనాల్సిన మందు కొనడు’ అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ. గట్టిగా ఏమీ అనలేదు. మామూలుగానే అంది.

‘ఆఫీసు కెమెరా ఉంది కదా’ అన్నాను.

‘ఉంది. ఆరుగురికి ఒకటి. వానొస్తే బ్యాగులోంచి తీయనివ్వరు’ అంది.

అమీర్‌పేట పద్ధతి: ముందు డెమో, తర్వాతే ఫీజు

ఒక ఆదివారం ఇద్దరం బయల్దేరాం. మైత్రీవనం దగ్గర ఎప్పటిలాగే కోర్సుల పాంప్లెట్లు చేతుల్లో కుక్కుతున్నారు. ‘సార్, ఫ్రీ డెమో సార్’. ఈ పేటకి దేశమంతటి నుంచి పిల్లలొస్తారు. ఒక కోర్సుకి ఇరవై ఇన్‌స్టిట్యూట్లు ఉన్నచోట వాళ్లు నేర్చుకున్న తెలివి ఒక్కటే, డెమో క్లాసు వినకుండా ఫీజు కట్టరు. పాఠం చెప్పేవాడిగా ఆ పద్ధతితో నాకు రోజూ పరీక్షే. కొనేవాడిగా మాత్రం దాన్ని మించింది లేదనిపిస్తుంది.

కెమెరాకీ అదే పద్ధతి పెట్టుకున్నాం. ఇంట్లోంచి మా మెమరీ కార్డు ఒకటి, పది రూపాయల నోటు ఒకటి, తడి చేతిరుమాలు ఒకటి, డబ్బాలో ఎండిన కత్తెర పురుగు ఒకటి పట్టుకుని బయల్దేరాం. ఆ చివరిది మా ఆవిడ ఆలోచన. సేల్స్ కుర్రాళ్లు దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్కటే స్టేషన్. మేం మాత్రం దారిలో షాపులు చూసుకుంటూ నడిచే వెళ్లాం. ఫోన్ల షాపులు అడుగడుక్కీ ఉన్నాయి. వాటిలో కెమెరాలకి మిగిలింది ఒక మూల అద్దాల బీరువా. ప్రీమియం రకం మూడుచోట్ల కనిపించింది. రగ్డ్ రకం పంజాగుట్ట చేరేదాకా కనిపించలేదు. అక్కడా ఒక్కటే పీసు, డిస్‌ప్లేకి పెట్టింది.

‘ఇది స్విమ్మింగ్ పూల్‌ల వాడే కెమెరా సార్, గోవాకి పోయేటోళ్లు కొంటరు. మీకు ఎందుకు?’ అన్నాడు కుర్రాడు.

‘మా పూల్ వరిమడి బాబూ’ అంది మా ఆవిడ.

పెద్ద గిన్నె, చిన్న గిన్నె

ముందు ప్రీమియం రకం సంగతి చూద్దాం. దాని గొప్పంతా సెన్సర్ సైజులో ఉంది. వాన నీళ్లు పట్టడానికి వాకిట్లో గిన్నె పెట్టామనుకోండి. గిన్నె నోరు ఎంత వెడల్పుంటే అంత నీరు పడుతుంది. సెన్సర్ వెలుగుకి పెట్టిన గిన్నె.

రగ్డ్ కెమెరాల్లో ఎక్కువ వాటిలో ఉండే సెన్సర్‌ని 1/2.3 అంగుళాలది అంటారు. దాని విస్తీర్ణం దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు. 2012లో సోనీ ఆర్ఎక్స్100తో జేబు కెమెరాల్లో పేరుకెక్కిన ‘ఒక అంగుళం’ సెన్సర్‌ది 116 చదరపు మిల్లీమీటర్లు. అంటే నాలుగు రెట్లు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఒక అంగుళం సెన్సర్‌లో ఏ కొలతా అంగుళం ఉండదు. 13.2 మిల్లీమీటర్ల పొడుగు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే. పాత వీడియో కెమెరా గొట్టాల రోజుల్లో పెట్టిన కొలతల పేర్లు ఇప్పటికీ అలా మోసుకొస్తున్నారు. ఇక రికో జీఆర్3 లాంటి వాటిలో ఇంకా పెద్ద ఏపీఎస్-సీ సెన్సర్ ఉంటుంది. రగ్డ్ కెమెరా సెన్సర్‌కి అది 13 రెట్లు. కాకపోతే ఆ కెమెరాకి జూమ్ ఉండదు. పదో వరసలో కూర్చునేవాడికి అది పనికిరాదు. వీధుల్లో నడుస్తూ తీసేవాడికి మాత్రం ప్రాణం.

సెన్సర్ తర్వాత లెన్స్. కెనాన్ జీ7ఎక్స్ మార్క్3 తీసుకోండి. 24 నుంచి 100 మిల్లీమీటర్ల జూమ్. లెన్స్ మీద ఎఫ్/1.8-2.8 అని రాసి ఉంటుంది. ఆ అంకె ఎంత తక్కువైతే లెన్స్ నోరు అంత పెద్దది. జూమ్ మొత్తం లాగినా 2.8 దగ్గరే ఆగుతుంది. రగ్డ్ రకంలో పేరున్న ఒలింపస్ టీజీ-6ది 25 నుంచి 100 మిల్లీమీటర్ల జూమ్. మొదట్లో ఎఫ్/2, బాగానే ఉంది. జూమ్ చివరికి వెళ్తే 4.9కి పడిపోతుంది. సెన్సర్ తేడా, లెన్స్ తేడా రెండూ కలిపి లెక్కేస్తే, పదో వరస నుంచి స్టేజీని తీసేటప్పుడు మొదటి కెమెరా పట్టే వెలుగు రెండోదానికి 12 రెట్ల పైమాటే.

12 రెట్లంటే మాటలు కాదు. డ్యాన్సులో చేతి కదలికని నిలబెట్టాలంటే సెకనులో 250వ వంతులోనో, అంతకంటే వేగంగానో ఫోటో పడాలి. ఆ కాస్త సమయంలో చిన్న గిన్నెలో చుక్కలే పడతాయి. ఆ చుక్కల్ని కెమెరా లోపల బలవంతంగా పెంచితే ఫోటో అంతా ఇసక పోసినట్టు గరుకుగా వస్తుంది.

షాపులో అన్ని కెమెరాలూ అందంగానే తీస్తాయి, ఎందుకంటే అక్కడ నెత్తిమీద వంద లైట్లుంటాయి. మేం మేనేజర్‌ని బతిమాలి మెట్ల కింద, స్టాకు అట్టపెట్టెలు పెట్టే చీకటి మూలకి వెళ్లాం. అక్కడ మా ఆవిడ చేతులు తిప్పుతూ నిలబడింది. నేను రెండు కెమెరాలతోనూ జూమ్ చివరిదాకా లాగి తీశాను. ఫోటోలు మా కార్డులోనే ఉన్నాయి కాబట్టి ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూశాం. ప్రీమియం కెమెరా ఫోటోలో గాజుల మీది పువ్వులు లెక్కపెట్టొచ్చు. రగ్డ్ దాంట్లో గాజులున్నాయని తెలుస్తుంది, అంతే.

ఇంకో చిన్న విషయం. మన కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని ఎల్ఈడీ లైట్లు సెకనుకి వందసార్లు వెలుగు తగ్గించి పెంచుతుంటాయి. కంటికి తెలియదు. ఫోటోలో మాత్రం అడ్డంగా చారలు పడతాయి. అలాంటప్పుడు కెమెరాలో చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేసి, వేగాన్ని సెకనులో 100వ వంతుకి దింపితే చాలావరకు పోతాయి. ఏ హాల్లోనైనా కార్యక్రమం మొదలయ్యే ముందు రెండు ఫోటోలు తీసి చూసుకోవాలి.

మొండిఘటం కథ వేరు

ఇక రెండోదాని వంతు. నీళ్లలో ఫోటోలు తీయాలన్న కోరిక ఈనాటిది కాదు. సముద్రంలో వాడటానికి నికాన్ 1963లోనే నికోనోస్ తెచ్చింది. నాకు ఇంకా నచ్చిన ముచ్చట 1988 నాటిది. జపాన్‌లో కట్టడాల పని దగ్గర దుమ్ముకి, వానకి తట్టుకునేలా కోనికా ఒక ఫిల్మ్ కెమెరా చేసింది. దాని పేరు ‘గెంబా కాంటోకు’. అంటే సైటు మేస్త్రీ అని! విహారం కోసం కాదు, పని కోసం పుట్టిన కెమెరా. డిజిటల్ కాలంలో ఒలింపస్ 2006లో తెచ్చిన మ్యూ 720 ఎస్‌డబ్ల్యూ 3 మీటర్ల నీటి లోతుకి, మీటరున్నర ఎత్తు నుంచి పడినా తట్టుకునేది. 2019 నాటి టీజీ-6 15 మీటర్ల లోతుకి, 2.1 మీటర్ల ఎత్తుకి, సున్నాకి దిగువన 10 డిగ్రీల చలికి తట్టుకుంటుంది. ఒలింపస్ కెమెరాల విభాగం 2021లో వేరే కంపెనీ అయిపోయింది. 2023లో వచ్చిన టీజీ-7 మీద ఓఎమ్ సిస్టమ్ అనే పేరుంటుంది. పాత పేరుతో వెతికితే కొత్తది దొరకదు, గుర్తుంచుకోండి.

ఈ రకం కెమెరా ఆన్ చేస్తే లెన్స్ గొట్టం బయటికి రాదు. లోపలే వెలుగుని మడిచి సెన్సర్‌కి పంపుతుంది. బయటికి ఒక గట్టి అద్దం మాత్రమే కనిపిస్తుంది. ఇది చిన్న విషయం కాదు. ప్రీమియం కెమెరాల్లో గొట్టం బయటికొచ్చి లోపలికి పోతున్నప్పుడల్లా గాలితోపాటు కాస్త దుమ్ము కూడా పోవచ్చు. అది సెన్సర్ మీద కూర్చుంటే ప్రతి ఫోటోలో ఆకాశం మీద నల్లమచ్చ. లెన్స్ విడదీసే వీలుండదు కాబట్టి సర్వీసు సెంటర్లో మొత్తం విప్పాల్సిందే. పత్తి చేలో, ఇటుక బట్టీ దగ్గర, నూర్పిడి కళ్లంలో రోజూ తిరిగేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

మా ఆవిడ అసలు పట్టు పట్టింది నీళ్ల కోసం కూడా కాదు, పురుగు కోసం. టీజీ కెమెరాల్లో ‘మైక్రోస్కోప్’ అని ఒక మోడ్ ఉంది. లెన్స్‌కి సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. కెనాన్‌ది 5 సెంటీమీటర్లు, సోనీ ఆర్ఎక్స్100 ఏడో మోడల్‌ది 8 సెంటీమీటర్లు, అదీ జూమ్ వాడనప్పుడే. జూమ్ లాగితే ఇంకా దూరం జరగాలి. మేం షాపులో పది రూపాయల నోటు మీది సన్నక్షరాలు తీశాం. తర్వాత డబ్బా మూత తీసి పురుగుని పెట్టాం. టీజీ తెర మీద నాలుగు చుక్కలూ నాలుగు మిరియపు గింజల్లా కనిపించాయి. వెనక్కి వెళ్లిన కుర్రాడు మళ్లీ ముందుకొచ్చి తొంగిచూశాడు.

ఇక్కడ చిన్న గిన్నె బలహీనత కాస్తా బలంగా మారుతుంది. పెద్ద సెన్సర్‌తో దగ్గరి వస్తువుని తీస్తే తల ఫోకస్‌లో ఉంటే తోక మసకబారుతుంది. చిన్న సెన్సర్‌లో ముందు నుంచి వెనక దాకా ఎక్కువ భాగం స్పష్టంగా ఉంటుంది. అదీ చాలకపోతే ఈ కెమెరా ఫోకస్ మారుస్తూ వరసగా కొన్ని ఫోటోలు తీసి, తనే ఒకటిగా కలిపి ఇస్తుంది. మిరపలో 2021-22లో రైతుల్ని ఏడిపించిన నల్ల తామర పురుగు పొడవు మిల్లీమీటరు. పాత తామర పురుగు ఎక్కువగా ఆకుల మీద ఉంటే, ఇది పువ్వుల్లో దూరుతుంది. అంత చిన్నదాన్ని, పువ్వు లోపల, చేలో నిలబడి తీయాలంటే ఇలాంటి సాయం కావాల్సిందే.

చివరగా తడి రుమాలు పరీక్ష. చేతులు తడిపి రెండు కెమెరాలూ, నా ఫోనూ వాడి చూశాం. తడి వేలికి ఫోన్ తెర పలకనే లేదు. ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంది. టచ్ తెర మీద ఆధారపడ్డ ఏ పరికరానికైనా వానలో ఇదే తంతు. గట్టి బటన్లున్న కెమెరాకి ఆ బాధ లేదు.

‘వాటర్‌ప్రూఫ్’ అంటే ఎంతవరకు?

‘మా ఫోన్ కూడా ఐపీ68 కదా’ అంటారు. నిజమే. కానీ ఆ పరీక్ష కొత్త ఫోన్‌కి, మంచినీళ్లలో, కదలకుండా ఉంచి, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంతసేపు చేసేది. ఉప్పునీరు, సబ్బునీరు, యూరియా కలిసిన మడి నీరు అందులో లేవు. ఫోన్ ఒకసారి కింద పడి అంచు పగిలితే ఆ రక్షణ ఉందో లేదో బయటికి తెలియదు. నీళ్ల వల్ల పాడైతే చాలా కంపెనీల వారంటీ వర్తించదు కూడా.

రగ్డ్ కెమెరా కూడా మాయాబజారు కాదు. దాని ప్రాణం బ్యాటరీ తలుపు చుట్టూ ఉన్న సన్నటి రబ్బరు పట్టీలో ఉంటుంది. ఒక్క వెంట్రుక, ఒక్క ఇసక రేణువు దాని మీద పడితే చాలు, నీళ్లకి దారి దొరుకుతుంది. పది మీటర్ల లోతున నీటి ఒత్తిడి పైనున్న గాలి ఒత్తిడికి ఇంకో అంత తోడవుతుంది. అందుకే మూడు సూత్రాలు. చేలో, బీచ్‌లో తలుపు తెరవద్దు. బ్యాటరీ, కార్డు ఇంట్లోనే మార్చుకుని వెళ్లాలి. సముద్రంలోనో బురదలోనో వాడాక పది నిమిషాలు మంచినీళ్ల బకెట్‌లో ఉంచి, తుడిచి, నీడలో ఆరబెట్టాలి. రబ్బరు పట్టీలు ఏడాదికోసారి మార్పించుకోవాలి. ఆ సర్వీసు మీ ఊళ్లో దొరుకుతుందా అన్నది కొనేముందే అడగండి. మేం అడిగితే ‘పంపించి తెప్పియ్యాలె మేడమ్, టైమ్ పడ్తది’ అన్నారు. ఆ మాట ముందే తెలియడం మంచిదైంది.

ఎలా తేల్చుకున్నాం?

షాపులో మాకు చెప్పిన ధర ప్రకారం ప్రీమియం కెమెరా మా 70 వేలూ తినేస్తుంది. రగ్డ్‌ది అందులో మూడింట రెండొంతులు. రెండూ కొనే స్తోమత లేదు. ఇంటికొచ్చి ఇద్దరం చెరో కాగితం తీసుకున్నాం. గత ఆరు నెలల్లో తీయాలనుకుని తీయలేకపోయిన ఫోటోలు గుర్తున్నంతవరకు రాశాం. పక్కన కారణం కూడా.

నా జాబితాలో ఏడు. స్టేజీ మీద డ్యాన్సు రెండుసార్లు. చెల్లెలి పెళ్లి రాత్రి అప్పగింతలు. కరెంటు పోయిన రోజు కొవ్వొత్తి వెలుగులో మా అమ్మ. ఇలా. అన్నింటికీ కారణం ఒకటే, చీకటి. ఆమె జాబితాలో ముప్పై దాటాయి. వాన, తడి చేతులు, బురద, ‘పురుగు మరీ చిన్నది’. చీకటి అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

జాబితాలు పక్కపక్కన పెట్టాక వాదించడానికి ఏమీ మిగల్లేదు. నా అవసరం ఏడాదికి మూడు నాలుగు సాయంత్రాలు. ఆమెది జూన్ నుంచి ఫిబ్రవరి దాకా, వారానికి మూడు రోజులు. హైదరాబాద్‌లో పెద్ద కెమెరాలు, లెన్సులు రోజు లెక్కన అద్దెకిచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. గుర్తింపు కార్డు చూపించి, డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు. చీకటిని ఒక సాయంత్రానికి అద్దెకి గెలవొచ్చు. వాన ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు కెమెరాని అద్దెకి తెచ్చుకోలేం. రగ్డ్ కెమెరా కొన్నాం. మిగిలిన డబ్బు రంగప్రవేశం ఖర్చుల్లోకి పోయింది.

ఇప్పటికి ఒక వానాకాలం గడిచింది. కెమెరా మీద గీతలు పడ్డాయి, ఒకసారి గట్టు మీంచి కాలువలో కూడా పడింది. పని చేస్తోంది. ఆగస్టులో ముసురు పట్టిన రోజు ఒక మొక్కజొన్న చేలోంచి ఆమె తీసిన ఫోటో వాళ్ల గ్రూపులో పెడితే, ఇది కత్తెర పురుగు కాదు, మందు అవసరం లేదు అని పెద్ద శాస్త్రవేత్త అప్పటికప్పుడే జవాబిచ్చారట. ఆ రైతుకి మిగిలింది ఒక మందు డబ్బా ఖరీదు, ఒక రోజు కూలి. ఇంట్లో సాయంత్రం పూట తీసిన ఫోటోలు మాత్రం గరుగ్గానే ఉన్నాయి. అది తెలిసే కొన్నాం కాబట్టి ఫిర్యాదు లేదు.

మరి మీకేది?

మా తీర్పు మీ తీర్పు కానక్కర్లేదు. రాత్రి చార్మినార్, ట్యాంక్‌బండ్ దీపాలు, పెళ్లి మంటపాలు, పిల్లల స్టేజీ కార్యక్రమాలు, ఇంట్లో పెద్దవాళ్లు... మీ జాబితా నిండా ఇవే ఉంటే ప్రీమియం రకమే మీది. ఫోటోల్ని పెద్దగా ప్రింటు వేయించుకునే అలవాటున్నా అదే. చేపల చెరువులు, నర్సరీలు, కట్టడాల సైట్లు, సర్వే పనులు, ట్రెకింగులు, ఈత నేర్చుకుంటున్న పిల్లలు ఉంటే రగ్డ్ రకం. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం లాంటిది ఉంటుంది, ఆషాఢపు జల్లూ ఉంటుంది, రాత్రీ ఉంటుంది. అక్కడ ఏ ఒక్క కెమెరా మొత్తం గెలవదు. ఏది ఎక్కువసార్లు అడ్డొస్తుందో చూసుకోవాల్సిందే. జాబితాలో ఐదు కూడా రాకపోతే అసలు కొనకండి, ఫోన్ చాలు. పురుగులు, పువ్వులు దగ్గరగా తీయడం సరదా అయితే ముందు కొన్ని వందల రూపాయల్లో ఫోన్‌కి తగిలించే చిన్న లెన్స్ కొని చూడండి. ఆ సరదా నిలబడితే అప్పుడు ఆలోచించవచ్చు.

కొనేటప్పుడు బిల్లు లేకుండా కాస్త తక్కువకి ఇస్తామనేవాళ్లు ఎదురవుతారు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీని 2019 జనవరిలో 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. ఆ 18 శాతం ఆదా అవుతుందని బిల్లు వదులుకుంటే వారంటీ కూడా వదులుకున్నట్టే. బిల్లు మీద కెమెరా సీరియల్ నంబరు వేయించుకుని, డబ్బా మీది నంబరుతో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి. ఇంటికి తెచ్చాక వానాకాలంలో ఏ కెమెరానైనా గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. తోలు కవర్లో పెట్టి బీరువాలో దాచితే లెన్స్ మీద బూజు పట్టే ప్రమాదం ఉంది.

అన్నట్టు, షాపుకి వెళ్లేముందు ఆ జాబితా మాత్రం రాయండి. ఇద్దరుంటే ఇద్దరూ, విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా.